ఆఖరి రోజు, రెండు కాగితాలు

పొద్దున్న క్లాసులోకి అడుగుపెట్టగానే గోడలు బోసిగా కనిపించాయి. నిన్న సాయంత్రం చార్టులన్నీ తీసింది నేనే. అయినా చూడగానే గుండె కాస్త బరువెక్కింది. ఎక్కాల చార్టు ఉన్న చోట గోడ మిగతా గోడకంటే తెల్లగా ఉంది. టేపు అంటించిన మూలల్లో రంగు పెచ్చులుగా లేచింది. నా మూడో తరగతి పిల్లలతో ఇవాళే ఆఖరి రోజు. సెలవుల తర్వాత వాళ్లు నాలుగో తరగతి గదికి వెళ్లిపోతారు.

ఇవాళ చేయాలనుకున్న పని ఒకటుంది. దానికోసం ఏడాదంతా ఎదురుచూశాను.

బడి తెరిచిన మొదటి వారంలో పిల్లలందరి చేతా ‘నా గురించి’ అని ఒక పేజీ రాయించాను. దిద్దలేదు, ఎర్ర సిరా తాకించలేదు. పేరూ తేదీ వేయించి, అన్నీ ఒక కవర్లో పెట్టి బీరువా పై అరలో దాచాను. ఇవాళ ఆ సంగతేమీ చెప్పకుండా మళ్లీ తెల్ల కాగితాలు పంచి, అదే రాయమన్నాను. అరగంట సేపు పెన్సిళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అందరూ రాయడం అయ్యాక కవరు దించి, పాత కాగితాలు ఎవరివి వాళ్లకి ఇచ్చేశాను.

ముందు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కిటికీ వైపు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే క్లాసంతా గోల! ఒకరి కాగితం ఒకరికి చూపించుకోవడం, “ఇదేంట్రా ఇలా రాశావు” అనుకోవడం. నేను ఆపలేదు.

మూడో బెంచీ అబ్బాయి మాత్రం కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“టీచర్, ఇది నాది కాదు.”

“నీ పేరే ఉంది కదా నాన్నా.”

“పేరు నాదే. కానీ నేనిలా రాయను.”

నిజమే, ఇప్పుడు అలా రాయడు. అప్పట్లో ‘ధ’ రాయాల్సిన ప్రతిచోటా కడుపులో చుక్క పెట్టి ‘థ’ చేసేవాడు. ఆ చుక్క మానిపించడానికి మూడు నెలలు పట్టింది. ఆ చుక్కలు చూపించి “ఇవి ఎవరు పెట్టేవాళ్లో గుర్తుందా?” అనడిగాను. కాసేపు కాగితం వంకే చూసి, “అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి” అన్నాడు. ఏడాది కూడా నిండలేదు. కానీ ఎనిమిదేళ్ల వాడికి అది వాడి జీవితంలో ఎనిమిదో వంతు.

ఇంకో అమ్మాయి మొదటి కాగితంలో ఒత్తులే లేవు. ‘అమ’, ‘నాన’, ‘అక’. పైగా మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలేది కాదు. వాక్యమంతా ఒకే పొడుగాటి మాటలా ఉండేది. తను రాసింది తనే చదవలేకపోయేది. వేలు అడ్డం పెట్టి ఖాళీ వదలడం నేర్పాను. తర్వాత ఒత్తులు ఒక్కొక్కటే దారికొచ్చాయి. ‘మ’కి ఒత్తు ముందు పట్టుబడింది. ‘క’ ఒత్తు చాలా రోజులు ఏడిపించింది. ఇవాళ్టి కాగితంలో ‘మా అక్క నాకు జడ వేస్తుంది’ అని రాసింది. క్రావడి కొంచెం వంకరగా రాసే పిల్ల, ‘క్క’ మాత్రం అచ్చు పుస్తకంలోలాగే రాసింది.

అన్నిటికంటే నన్ను కదిలించింది మాత్రం ఆఖరి బెంచీ అబ్బాయి కాగితం. వాడు మొదటి వారంలో రాసినదాంట్లో పదకొండు వాక్యాలున్నాయి. గుండ్రటి అక్షరాలు, తప్పులు తక్కువ. ఇవాళ రాసినవి ఐదే వాక్యాలు. అక్షరాలు పైకీ కిందకీ పోయాయి. ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లవాడు వెనకబడ్డాడనే అనుకుంటారు. కానీ మొదటిది పక్క పిల్లవాణ్ణి చూసి రాసింది. అందులో ‘నాకు ఒక చెల్లి ఉంది’ అని ఉంది. వాడు ఇంట్లో ఒక్కడే. చెల్లి పక్కవాడికుంది. ఇవాళ్టి ఐదు వాక్యాల్లో నాలుగోది ‘నాకు చెల్లి లేదు’. ఐదోది ‘ఉంటే బాగుండు’.

ఏడాదంతా ఏ రాతపనైనా పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసే పిల్లవాడు, తన బతుకులోంచి ఒక మాట తీసి రాశాడు. దాన్ని రెండుసార్లు చదివాను. అప్పుడు వాడి ప్రోగ్రెస్ కార్డు గుర్తొచ్చింది. పోయిన వారం రాత్రి పదింటికి, ముప్ఫై ఒక్క కార్డులు ఒక్క ఊపులో రాస్తూ, వాడి రిమార్క్స్ గడిలో ‘ఇంకా శ్రద్ధ పెట్టాలి’ అని రాశాను. ఆ గడి రెండు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. అయినా ఉన్నంతలో నిజం రాయాల్సింది. కార్డు మీద హెచ్.ఎం. సంతకం కూడా అయిపోయింది. అందుకే చిన్న చీటీ మీద ‘ఈ ఏడాది సొంతంగా రాయడం నేర్చుకున్నాడు. ఇవాళ రాసిన ఐదు వాక్యాలు తప్పకుండా చదవండి’ అని రాసి కార్డుకి పిన్ను కొట్టాను.

మార్కుల పక్కన మనం రాసే మాట గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు రూత్ బట్లర్ ప్రయోగం గుర్తొస్తుంది. ఆమె ఇజ్రాయెల్‌లో బడి పిల్లల మీద చేసిన ఆ పరిశోధన 1988లో అచ్చయింది. పిల్లలు చేసిన పనికి కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే రాసిచ్చారు, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పని మెరుగ్గా చేశారు, ఆసక్తీ నిలుపుకున్నారు. రెండూ అందుకున్నవాళ్లకి మాత్రం ఆ మేలు జరగలేదు. పక్కన మార్కు కనిపిస్తే చాలు, వ్యాఖ్య ఉన్నా లేనట్టే అయింది. బడిలో మార్కులు మానేయడం నా చేతిలో లేదు. మార్కు వేయని కాగితం ఒకటి ఏడాదికోసారి పిల్లల చేతికివ్వడం నా చేతిలో ఉంది.

పదకొండింటికి మొక్కల పంపకం. రెండు నెలల క్రితం గాజు గ్లాసుల్లో తడి దూది పెట్టి చిక్కుడు గింజలు వేశాం. ఒక వరస కిటికీలో, ఒక వరస తలుపులేసిన బీరువాలో. ఇంకో గ్లాసులో పొడి దూది మీద గింజ పెట్టి, అదీ కిటికీలోనే ఉంచాం. వారం తిరిగేసరికి బీరువాలోవే పొడుగ్గా పెరిగాయి. “ఏది బాగా పెరిగింది?” అని చేతులెత్తమంటే దాదాపు అందరూ చీకట్లోదే అన్నారు. నేనేమీ చెప్పలేదు. ఇంకో వారానికి ఆ పొడుగాటివి పాలిపోయి, పసుపు తిరిగి, నిలబడలేక వాలిపోయాయి. కిటికీలోవి పొట్టిగానే ఉన్నా ఆకులు పచ్చగా విప్పాయి. ఇదేమిటని పిల్లలు నన్నడిగారు, నేను వాళ్లనే అడిగాను. చివరికి ముందు బెంచీ అమ్మాయి ఒకతె “వెలుతురు ఎక్కడుందో వెతుక్కుంటూ పొడుగైపోయింది టీచర్” అంది. సైన్సు చెప్పేదీ అదే. చీకట్లో మొలక గింజలో దాచుకున్న తిండినంతా కాండం సాగదీయడానికే ఖర్చు పెడుతుంది. వెలుతురు లేకపోతే ఆకులో పత్రహరితం తయారవదు, కొత్తగా తిండి చేసుకోలేదు. దాచుకున్నది అయిపోగానే వాలిపోతుంది.

పొడి దూది గింజ ‘చచ్చిపోయింది’ అని అందరూ తీర్పు చెప్పేశారు. పదిరోజుల తర్వాత దానికి నీళ్లు పోశాం. మొలిచింది! ఆ రోజు క్లాసులో లేచిన కేక పక్క క్లాసు టీచర్ వచ్చి ఏమైందని అడిగేంత పెద్దది. ఇవాళ ఆ మొక్క ఎవరికి ఇవ్వాలన్నది పెద్ద చర్చే అయింది. చీటీలు వేశాం.

తర్వాత ఎత్తులు కొలిచాం. ఈ వయసు పిల్లలు ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. తలుపు పక్క అంటించిన కాగితం పట్టీ మీద కొత్త గీతలు పడ్డాయి. పళ్ల పట్టిక కూడా ముగించాం. 20 పాలపళ్లలో ఈ ఏడాది ఎవరివి ఎన్ని ఊడాయో పిల్లలే లెక్క రాసుకున్నారు. లైబ్రరీ పుస్తకాల లెక్క సరిపోయింది. ఒక పుస్తకం అట్ట ఊడిపోతే ఎవరో ఇంట్లో సూదీ దారంతో కుట్టి తెచ్చారు. ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేదు. కుట్లు మాత్రం ఎంత ఓపికగా వేశారో!

సెలవుల హోంవర్క్ గురించి స్టాఫ్ రూమ్‌లో ఈ నెలంతా మాట్లాడుకుంటూనే ఉన్నాం. సెలవుల్లో పిల్లలు మర్చిపోతారన్నది నిజమే. అమెరికాలో హారిస్ కూపర్, ఆయనతో పనిచేసినవాళ్లు 39 అధ్యయనాలు కలిపి చూసి 1996లో రాసినదాని ప్రకారం, వేసవి సెలవుల్లో సగటున ఒక నెల చదువంత వెనకబాటు కనిపించింది. లెక్కలు చేయడంలో, స్పెల్లింగులో ఎక్కువ మరుపు. చదవడంలో మాత్రం తేడా ఇంటిని బట్టి ఉంది. మధ్యతరగతి పిల్లలు కొంచెం ముందుకెళితే, ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలు వెనక్కి వెళ్లారు. అది చదివిన దగ్గర్నుంచీ, సెలవులు రాగానే బడి లైబ్రరీ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. పుస్తకం ఇంట్లో లేని పిల్లకి అది బాగా అవసరమైన రోజుల్లోనే మనం తాళం వేస్తున్నాం. ఈసారి హెచ్.ఎం. గారిని అడిగాను. పోతే బాధ్యత నాదన్నాను. ఒప్పుకున్నారు. ఇవాళ ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ రెండేసి పుస్తకాలు రిజిస్టర్లో రాసి ఇంటికి తీసుకెళ్లారు. కుట్లు వేసిన పుస్తకం కోసం ముగ్గురు పోటీపడ్డారు.

రాతపని పేజీలకి పేజీలు ఇవ్వలేదు. ఎక్కాల గడుల కాగితం ఒకటిచ్చానంతే. ఒకటి నుంచి పది వరకూ ఎక్కాల్లో గడులు 100. కానీ 7 ఎనిమిదులూ 8 ఏడులూ ఒకటే 56 కదా, అలా జంటల్లో ఒకదాన్ని కొట్టేస్తే మిగిలేవి 55. వాటిలోనూ తనకి వచ్చినవి ఎవరికి వాళ్లు రంగు వేసుకుంటే, చాలామందికి ఖాళీగా మిగిలింది పది పన్నెండు గడులే. “ఇంతేనా టీచర్!” అన్నారు. ఆ మాట వినడానికే ఆ కాగితం తయారు చేశాను.

52లోంచి 17 తీసేయమంటే 45 అనే అమ్మాయి గురించి కూడా రాసుకోవాలి. పైన రెండు, కింద ఏడు ఉంటే, చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీసేసేది. పదేసి పుల్లల కట్టలతో చూపించినప్పుడు సరిగ్గా చేసేది. కాగితం మీదకి రాగానే మళ్లీ 45. పోయిన వారం ఉన్నట్టుండి తనే అంది, “కట్ట విప్పకుండా రెండులోంచి ఏడు ఎలా ఇస్తాం టీచర్?” పరీక్ష అప్పటికే అయిపోయింది. కార్డులో లెక్కలకి తక్కువ మార్కులే ఉన్నాయి. ఆ పిల్లకి తెలిసిందన్న సంగతి కార్డుకి తెలియదు.

మూడింటికి తల్లిదండ్రులు వచ్చారు. ఆ అమ్మాయి నాన్నగారు కార్డు తెరిచి లెక్కల దగ్గర ఆగారు. “ఫస్ట్ ఎవరికొచ్చింది మేడమ్?” అన్నారు. నేను జవాబు చెప్పేలోపే ఆ పిల్ల తన రెండు కాగితాలూ ఆయన చేతిలో పెట్టి, “ముందు ఇది చదువు నాన్నా, తర్వాత ఇది” అంది. ఆయన నిలబడే చదివారు. రెండోది చదివాక మళ్లీ మొదటిది తీసి చూశారు. ఫస్ట్ ఎవరికొచ్చిందన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పిల్ల పుల్లల కట్ట సంగతి నేను చెప్పాను. వెళ్తూ వెళ్తూ “సెలవుల్లో పుల్లలతోనే చేయించాలా మేడమ్?” అని అడిగారు.

ఆఖరి బెంచీ అబ్బాయి వాళ్లమ్మ చీటీ చదివి, కాగితం చదివి, ఏమీ అనలేదు. కొడుకు తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంది.

ఐదింటికి క్లాసు ఖాళీ అయింది. కవర్లో ఒక్క కాగితం మిగిలింది. జ్వరమొచ్చి ఈ వారమంతా రాని పిల్లవాడిది. మొదటి వారంలో వాడు తన పేరు, ఊరు రాసి, మిగతా పేజీ అంతా సైకిల్ బొమ్మ వేశాడు. రేపు వాళ్లమ్మ కార్డు కోసం వస్తానని ఫోన్ చేసింది. కార్డులో ఆ కాగితమూ, దాని పక్కనే ఒక తెల్ల కాగితమూ పెట్టాను. పెన్సిల్ కూడా చెక్కి పెట్టాను.