చెయ్యి అలవాటుగా వెళ్లే అల్మరా

కథేతర పుస్తకాలు ఎంచుకునేటప్పుడు చెయ్యి అలవాటైన అల్మరా వైపే పోతుంది. చరిత్ర ఇష్టమైనవాళ్లు మళ్లీ చరిత్రే తీస్తారు. దీనికి లైబ్రరీ నంబర్లే మంచి మందు. 1876లో అమెరికన్ లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ ప్రచురించిన దశాంశ వర్గీకరణలో, అంటే పుస్తకాలను విషయాన్నిబట్టి అంకెలతో విడదీసే పద్ధతిలో, మొత్తం 10 తరగతులు. 100 తత్వశాస్త్రం, 300 సామాజిక శాస్త్రాలు, 500 సైన్సు, 600లో వైద్యం, వ్యవసాయం, ఇంజినీరింగు, 900 చరిత్ర, భూగోళం... ఏడాదిగా చదివినవాటి పక్కన ఈ అంకెలు వేసి చూడండి. ఖాళీ ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. తర్వాతి పుస్తకం అక్కడినుంచే.

కొత్త విషయానికి లావుపాటి ప్రామాణిక గ్రంథంతో మొదలుపెట్టొద్దు. పరిభాష అడ్డుపడి రెండో అధ్యాయంలోనే వదిలేస్తారు. 150, 200 పేజీల పరిచయ పుస్తకం చాలు.

తీసుకునే ముందు చివరి పేజీలు తిప్పండి. పదసూచిక, ఆధారాలు ఉన్నాయా? ఆధారాలే లేకుండా అంకెలు గుప్పించే పుస్తకాన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

సంవత్సరం సంగతి అన్నిటికంటే ముఖ్యం. అదీ పునర్ముద్రణ తేదీ కాదు, మొదటి ముద్రణ లేదా సవరించిన ముద్రణ తేదీ. మనిషి జన్యు సమాచారాన్నంతా చదివే మానవ జీనోమ్ ప్రాజెక్టు 2003లో పూర్తయింది. అంతకుముందు పుస్తకాల్లో మనిషికి లక్ష జన్యువులని కనిపిస్తుంది. ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలేనని ఇప్పుడు తెలుసు. నిన్న అచ్చయిన కాపీలో కూడా ఆ పాత లెక్కే ఉండొచ్చు. రేఖాగణితానికి మాత్రం ఈ బెంగ అక్కర్లేదు.