పొడవైన పైలట్‌కు గ్లైడర్ కాక్‌పిట్: జర్మనీ క్లబ్బుల్లో చేరే మనవాళ్లకు

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లకు వారాంతంలో చేతికందే మంచి వ్యాపకాల్లో గ్లైడింగ్, అంటే మామూలుగా ఇంజిన్ ఉండని విమానం నడపడం, ఒకటి. చిన్న చిన్న ఊళ్లకు కూడా గడ్డి రన్‌వే, గ్లైడర్లు పెట్టుకునే హ్యాంగరు, తాడుతో లాగి గ్లైడర్‌ను గాల్లోకి లేపే వించ్ ఉన్న క్లబ్బులుంటాయి. కిర్క్‌హైమ్ ఉంటర్ టెక్‌లో హాన్‌వైడె మైదానం ఉంది, షెంప్-హిర్త్ గ్లైడర్ల ఫ్యాక్టరీ ఉన్నదీ అదే ఊళ్లో. క్లబ్బులో శిక్షణ ఇచ్చేది సభ్యులే, వించ్ నడిపేదీ సభ్యులే, చలికాలంలో వర్క్‌షాపులో రెక్కలు రుద్ది పాలిష్ పెట్టేదీ సభ్యులే. అందుకే ఇంజిన్ విమానం నేర్చుకోవడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

ఆరడుగులు దాటినవాళ్లకు మొదటి రోజే తగిలే చిక్కు కాక్‌పిట్. బెల్టులు కట్టాక ట్రైనర్ ‘పాస్ట్?’ (సరిపోయిందా?) అని అడుగుతాడు. మోకాళ్లు ముందున్న మీటర్ల ప్యానెల్‌కు రాసుకుంటున్నా, తల పైనుండే పారదర్శకమైన మూతకు, అంటే కనోపీకి, ఆనుతున్నా మనవాళ్లు చాలామంది ‘యా, పాస్ట్’ అనేస్తారు. కొత్త దేశం, సగం వచ్చిన భాష, వెనక తమ వంతు కోసం నిలబడ్డ నలుగురు. ఆలస్యం చేస్తే బాగోదేమోనన్న మొహమాటం. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు. కూర్చోవడం కుదరలేదని చెప్పడాన్ని జర్మన్ క్లబ్బుల్లో ఫ్లైటుకు ముందు చేసే తనిఖీలో భాగంగానే చూస్తారు. దిగి, మెత్త తీసేసి, పెడల్ జరిపి మళ్లీ కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ముందు కొలతలు. నిలబడ్డ ఎత్తు చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. 188 సెంటీమీటర్లున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి నడుము పైభాగం పొడవు. మొదటివాళ్లకు ప్యానెల్ కింద ఇబ్బంది, రెండోవాళ్లకు కనోపీ కింద. ఇంట్లోనే గోడకు వీపు, పిరుదులు ఆనించి నేలమీద కాళ్లు చాపి కూర్చుని మూడు కొలతలు తీసుకోండి: నేల నుంచి నడినెత్తి వరకు, గోడ నుంచి మోకాలి చిప్ప వరకు, గోడ నుంచి మడమ వరకు. నాలుగోది భుజాల వెడల్పు. క్లబ్బులో ఏ గ్లైడర్ సరిపోతుందో అడిగేటప్పుడు ఈ నాలుగూ చెబితే పాత సభ్యులు చాలా వరకు సూటిగా జవాబు చెప్పగలరు.

తర్వాత బరువు. యూరప్‌లో పొడవైన పైలట్ అంటే బరువైన పైలట్ అనే ముందుగా అనుకుంటారు. చాలా గ్లైడర్లలో సీటు గరిష్ఠ పరిమితి 110 కిలోల దగ్గర ఉంటుంది, అందులో పారాచూట్ బరువు కూడా కలిసే ఉంటుంది. కానీ మన కుర్రాళ్లలో పొడవుగా, సన్నగా ఉండేవాళ్లకు చిక్కు రెండోవైపు నుంచి వస్తుంది. 187 సెంటీమీటర్ల ఎత్తు, 61 కిలోల బరువు ఉన్న మనిషి ఆరేడు కిలోల పారాచూట్ తగిలించుకున్నా 70 కిలోల కనీస పరిమితికి చేరడు. ముక్కు తేలికైతే బరువు కేంద్రం వెనక్కి పోతుంది. అప్పుడు ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ అతి సున్నితంగా పనిచేస్తుంది, గ్లైడర్ గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లోకి తేలిగ్గా జారుతుంది, బయటికి తేవడం కష్టమవుతుంది. పైగా పొడవైనవాళ్లు వెనక్కి ఒరిగి కూర్చుంటారు కాబట్టి ఒంటి బరువు కూడా మరికాస్త వెనక్కే జరుగుతుంది. దీనికి మందు సీసపు బరువు. అది ఆ మోడల్‌కు తయారీదారు చూపించిన చోటే, బోల్టుతో బిగించి ఉండాలి. సీటు కింద వదులుగా పెట్టిన సీసం కుదుపుకు జారి, చేత్తో గ్లైడర్‌ను నడిపే స్టిక్‌కు అడ్డం పడుతుంది. ప్రతి గ్లైడర్ కాక్‌పిట్‌లో ఈ పరిమితుల పలక ఉంటుంది. ఎక్కేముందు చదవండి, ఒక మోడల్ అంకె ఇంకో మోడల్‌కు పనికిరాదు.

ఇక కూర్చోవడం. హ్యాంగర్‌లో, తొందర లేని రోజున, పారాచూట్, బూట్లు, టోపీతో సహా కూర్చుని చూడాలి. పిరుదులు సీటు లోయలోకి పూర్తిగా దిగాక ముందు నడుము బెల్టు బిగించాలి. అది పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కిందకి పడాలి. భుజాల బెల్టులు ఆ తర్వాతే. ముందు భుజాలవి లాగితే నడుము బెల్టు పైకి జారుతుంది, దెబ్బ తగిలినప్పుడు ఒళ్లు దాని కిందనుంచి ముందుకు జారిపోతుంది.

పెడల్స్ చాలా మోడళ్లలో ఒక చిన్న పిడి లాగితే కదులుతాయి. పిడి లాగి, మడమలతో ముందుకు తోసి, పిడి వదిలాక రెండు కాళ్లతో గట్టిగా నొక్కి చూడాలి. గాటులో పడని పెడల్ టేకాఫ్‌లో ఒక్కసారిగా ముందుకు పోతుంది. ఎంత దూరం పెట్టాలన్నదానికి గుర్తు ఇది: ఒక పెడల్ చివరిదాకా నొక్కినప్పుడు కూడా ఆ మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. స్పిన్ నుంచి బయటపడటానికి పెడల్స్‌తో కదిలే తోక చుక్కాని, అంటే రడ్డర్, పూర్తిగా కావాలి, కాలు ముందే నిటారుగా చాచుకుపోతే ఆ చివరి రెండు సెంటీమీటర్లు అందవు. పెడల్స్ మరీ దగ్గరైతే మోకాళ్లు పైకి లేస్తాయి, స్టిక్ పక్కకు తిప్పినప్పుడు తొడకు తగిలి ఆగుతుంది. అందుకే స్టిక్‌ను నాలుగు మూలలకూ, కాళ్లు ఉన్న స్థితిలోనే, పెడల్స్ అటూ ఇటూ నొక్కుతూ తిప్పి చూడాలి. తర్వాత రెక్కల మీది ఎయిర్‌బ్రేకులు తెరిచే లివర్‌ను పూర్తిగా వెనక్కి లాగి చూడాలి. పొడవు చేతులవాళ్లకు మోచేయి సీటు వీపుకు కొట్టుకుని లివర్ చివరిదాకా రాదు, ల్యాండింగ్‌లో బ్రేక్ సగమే తెరుచుకుంటుంది. చాలా గ్లైడర్లలో చక్రం బ్రేకు కూడా ఆ చివరి కదలికలోనే ఉంటుంది. లాగే తాడును వదిలే పసుపు రంగు రిలీజ్ పిడి, ప్రమాదంలో కనోపీని ఊడదీసే ఎర్ర రంగు పిడి వంగకుండా అందాలి. బూట్లు సన్నటి అట్టవి, ఇరుకు ముక్కువి. వెడల్పాటి స్పోర్ట్స్ షూ పెడల్ పక్కన ఇరుక్కుంటుంది.

తలపైన చోటు చాలనప్పుడు అందరూ ముందు చేసేది వెనక్కి ఒరగడం. అంతకన్నా ముందు కిందున్న మెత్త తీసి చూడాలి. ఇంటినుంచి తెచ్చుకున్న మెత్తటి దిండు అసలు వాడొద్దు. గట్టిగా నేలకు తగిలినప్పుడు అది మొదట అణిగి, తర్వాత వెన్నును పైకి కొడుతుంది. కావాలంటే మెల్లగా అణిగి మెల్లగా తేరుకునే, దెబ్బ పీల్చుకునే ఫోమ్ ఒక అంగుళం మందంలో దొరుకుతుంది. వీపు వెనక మెత్త ఇంకా ప్రమాదం. వించ్ లాగినప్పుడు గ్లైడర్ కొన్ని క్షణాల్లోనే ఎగిరే వేగానికి చేరుతుంది, ఒళ్లంతా వెనక్కి నొక్కుకుపోతుంది. మెత్త అణిగితే మనిషి వెనక్కి జారతాడు, స్టిక్ పట్టుకున్న చేయి కూడా దాంతోపాటే వెనక్కి వస్తుంది. నేలకు దగ్గరగా ముక్కు నిట్టనిలువుగా లేస్తుంది. పొడవు చాలనివాళ్లు మెత్తలు పేర్చుకున్నప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది, కానీ వీపు వెనక ఏదో ఒకటి దోపుకునే పొడవైనవాళ్లకూ ఇదే ముప్పు.

అన్నీ అయ్యాక కనోపీ మూసి, నడినెత్తికి, కనోపీకి మధ్య మూసిన పిడికిలి పడుతుందేమో చూడాలి. పడకపోతే ఆ గ్లైడర్ మీకు కాదు. గ్లైడర్‌ను పైకి లేపే వేడిగాలి ప్రవాహం, అంటే థర్మల్, అంచున ఒక్క కుదుపుకు బెల్టు సాగి ఒళ్లు పైకి లేస్తుంది. తల పగలొచ్చు, కనోపీ పగలొచ్చు. క్రికెట్ టోపీ పెట్టుకునేవాళ్లు దాని నడినెత్తిన ఉండే బొత్తాం పీకేయాలి. గుద్దుకున్నప్పుడు బలమంతా ఆ ఒక్క చోటే పడుతుంది. పైగా ముందుకు పొడుచుకొచ్చే అంచు పైనున్న గ్లైడర్‌ను దాచేస్తుంది. జర్మన్ పైలట్లు పెట్టుకునే చిన్న అంచున్న మెత్తటి గుడ్డ టోపీ మేలు.

వెనక చూపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కూర్చున్నప్పుడు ఇది నొప్పి పుట్టించదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. పొడవైన మనిషి వెనక్కి ఒరిగినప్పుడు కళ్లు కాక్‌పిట్‌లో వెనక్కి, కిందికి పోతాయి. ముందు ముక్కు మీదుగా నేల కనిపించడం తగ్గుతుంది. వెనక, చెవుల పక్కన కనోపీ గాజు అయిపోయి గ్లైడర్ ఒళ్లు మొదలవుతుంది. ఒరిగిన మెడ నిటారు మెడంత తిరగదు. తల పైకి ఆనుతూ ఉంటే భుజం వైపు వంచి చూడటానికీ చోటుండదు. ఎత్తుగా బిగించిన హెడ్‌రెస్ట్ రెండు పక్కల నుంచి చూపును కోసేస్తుంది. మన ఐటీ వాళ్లలో చాలామందికి కళ్లద్దాలుంటాయి కాబట్టి ఇంకో మాట: వెడల్పు కాడలున్న ఫ్రేము పక్క చూపును మింగేస్తుంది. సన్న కాడలది ఒకటి ఎగరడానికి విడిగా పెట్టుకోండి.

ఎంత కనిపిస్తోందో నేలమీదే తేల్చుకోవచ్చు. బెల్టులు కట్టుకుని, కనోపీ మూసి కూర్చోండి. ఒకరిని తోక దగ్గర నిలబెట్టి, అక్కడినుంచి రెక్క కొస వైపు అర్ధచంద్రాకారంగా నడవమనండి. మీరు తల, భుజాలు తిప్పి చూస్తూ, మనిషి కనబడగానే చేయెత్తండి. అక్కడ గడ్డిలో ఒక గుర్తు. రెండోవైపు కూడా అంతే. ఎడమ, కుడి సమానంగా రావు, ఎటు తక్కువో తెలుసుకోవడమే లాభం. తర్వాత హెడ్‌రెస్ట్ ఒక గాటు దించి, సీటు వీపు ఒక మెట్టు నిటారుగా పెట్టి, కింది మెత్త తీసి మళ్లీ చూడండి. తల ఎత్తు మారకుండానే గుర్తు తోక వైపు జరగడం చాలాసార్లు కనిపిస్తుంది. సీటు లోతుగా దిగి నిటారుగా కూర్చోవడం, ఎత్తులో ఉండి ఒరిగి కూర్చోవడం కన్నా అన్నివిధాలా మంచిది.

గాల్లో తల ఒక్కటి తిప్పితే చాలదు, నడుము నుంచి మలగాలి. ప్రశాంతమైన గాల్లో భుజాల బెల్టులు కొద్దిగా వదులు చేసుకోవచ్చు, నడుము బెల్టు మాత్రం ఎప్పుడూ బిగువుగానే ఉండాలి. ఒళ్లు మలిగినప్పుడు స్టిక్ పట్టుకున్న చేయి తెలియకుండా కదులుతుంది. ముంజేతిని తొడ మీద ఆనించుకుంటే ఆ లాగుడు స్టిక్‌కు చేరదు. మలుపు తిరిగే ముందు మొదట ఎదురువైపు, తర్వాత తిరగబోయే వైపు మెడ పోయినంత వెనక్కి, చివరికి ముందున్న దిగంతం చూడాలి. థర్మల్‌లోకి వెళ్లేటప్పుడు ముందునుంచే తిరుగుతున్న గ్లైడర్ ఏ దిశలో ఉంటే అదే దిశ. అదే ఎత్తులో ఒక్కటే ఉంటే వృత్తానికి అవతలివైపు, ఎదురెదురుగా ఉండాలి. ఎదుటివాడి తోక వెనక, కింద నిలిచిపోతే అతనికి మీరు కనబడరు. అతను మీ వెనక కింద ఉంటే మీకూ అంతే. ఎవరో వెనక ఉన్నారని అనుమానం వస్తే చిన్నగా అటూ ఇటూ వంకర తిరిగి చూసుకోవాలి.

అద్దం పెట్టుకుంటే పోదా అని అడుగుతుంటారు. ఇంజిన్ ఉన్న గ్లైడర్లలో కనిపించే అద్దం ప్రొపెల్లర్ సరైన చోట ఆగిందా లేదా చూసుకోవడానికి. దూరంగా, సన్నగా వచ్చే గ్లైడర్ అంత చిన్న అద్దంలో చుక్కలా కూడా ఆనదు. స్విట్జర్లాండ్‌లో 2004లో మొదలైన, ఢీకొనే ముప్పును హెచ్చరించే ఫ్లార్మ్ పరికరం ఇప్పుడు యూరప్‌లో చాలా గ్లైడర్లలో ఉంది, కనబడని దిక్కునుంచి వచ్చేవాళ్లను చెబుతుంది. కానీ కార్బన్ ఫైబర్ దాని సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. యాంటెనా ముక్కులో ఉంటే సరిగ్గా మనకు కనబడని వెనక-కింద భాగంలోనే అదీ బలహీనపడుతుంది. అక్కడ చూపును నమ్మలేం, పరికరాన్నీ పూర్తిగా నమ్మలేం. దారి మార్చి చూడటమే మిగిలింది.

మోడల్ విషయానికొస్తే, శిక్షణకు వాడే రెండు సీట్ల ఏఎస్‌కే 21 పొడవైనవాళ్లకు సాధారణంగా సరిపోతుంది. అందులో ముందు సీట్లో మీరుంటే వెనకున్న ట్రైనర్‌కు ముందు కనిపించేది మీ తల. కాస్త కిందకి దిగమంటే అందుకే. ఒంటరిగా ఎగిరేటప్పుడు గ్రోబ్ ఆస్టిర్ విశాలమని పేరు. షెంప్-హిర్త్ డిస్కస్, వెంటస్‌లకు రెండు రకాల ముందు భాగాలున్నాయి, ‘ఏ’ సన్నది, ‘బీ’ పెద్దది. వాటాకు కొంటున్నప్పుడు పేరు చివరి అక్షరం చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. లిబెల్లె లాంటి పాతవి చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా పొడవైనవాళ్లు దూరంగా ఉండటమే మేలు.

కొనే ముందు హ్యాంగర్‌లో పారాచూట్‌తో ఒక గంట కదలకుండా కూర్చోండి. తొడ కింద, వెన్ను అడుగున, మడమ దగ్గర ఒత్తిడి మొదటి పావుగంటలో తెలియదు. గ్లైడర్ పైలట్లకు ఇచ్చే సిల్వర్ బ్యాడ్జి కోసం అయిదు గంటలు గాల్లో ఉండాలి, ఆ ఒత్తిడి అప్పుడు తిమ్మిరిగా, తర్వాత పెడల్ నొక్కలేనంత నొప్పిగా మారుతుంది. గంట అయ్యాక, దిగే ముందు, కనోపీ, బెల్టులు, బయటికి దూకడం వరుసగా ఒకసారి చేసి చూడండి. తిమ్మిరెక్కిన కాళ్లతో మోకాళ్లు ప్యానెల్ కిందనుంచి ఊడొస్తేనే ఆ గ్లైడర్‌కు డబ్బు కట్టండి.