పందిరి లేని ద్రాక్షతోట

శనివారం రాత్రి, అవిన్యోన్, ఫ్రాన్స్

రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా గోళ్ల చుట్టూ ఊదారంగు పోలేదు. పొద్దున ఆఫీసు స్నేహితురాలు వాళ్ల బాబాయి తోటలో కోత అంటే నేనూ వెంటపడి వెళ్లాను. ఊరు షాతోనెఫ్-దు-పాప్. కారులో అరగంట కూడా పట్టదు. మూడేళ్లుగా ఇక్కడ ఉంటూ ఆ పేరు వైన్ సీసాల మీద చదవడమే తప్ప ఎన్నడూ వెళ్లలేదు.

కారు దిగగానే మట్టి కోసం చూశాను. కనబడలేదు. ఎటు చూసినా నున్నటి గుండ్రాళ్లే, కొన్ని బత్తాయంత, కొన్ని కొబ్బరికాయంత. ఎప్పుడో రోన్ నది దొర్లించుకొచ్చి వదిలేసినవి. వాటి మధ్య నుంచి నడుమెత్తు కూడా లేని ముసలి మోడులు, పొదల్లా.

నేను పెరిగింది హైదరాబాద్ పక్కన మేడ్చల్ దగ్గర, అనాబే షాహీ ద్రాక్ష తోటలో. నాన్నకి రెండెకరాలు ఉండేది. రాతి కడీలు, వాటి మీద ఇనుపతీగల అల్లిక. మిట్టమధ్యాహ్నం కూడా పందిరి కింద చల్లగా ఉండేది, గుత్తులు తలకి తగిలేవి. ద్రాక్ష అంటే తలెత్తి కోసేదనే నా ఒంటికి తెలుసు. ఇక్కడ వంగి కోయాలి. గంటకే నడుం పట్టేసింది. ఈ ఊళ్లో మెషీన్‌తో కోయకూడదు, చేత్తోనే కోయాలని రూలు. కుళ్లినవి, పచ్చివి అక్కడే ఏరి పారేయాలి.

విరామంలో నాన్నకి వీడియో కాల్ చేశాను.

"పందిరి ఏది బిడ్డా?"

"లేదు నాన్నా, ఇక్కడ ఇట్లనే."

"మరి ఆ రాళ్లల్ల ఎట్ల బతుకుతున్నయ్? నీళ్లు ఎట్ల పెడ్తరు?"

మామూలుగా పెట్టరట. బాబాయి నాలుగు రాళ్లు పక్కకి జరిపి చూపించాడు, కింద ఎర్రటి బంకమట్టి. రాళ్లు పైన కప్పేసి ఉండటంతో ఆ తేమ తొందరగా ఆరిపోదు, వేళ్లు దాన్ని వెతుక్కుంటూ లోతుకి పోతాయి. మిస్త్రాల్ అని ఇక్కడ ఉత్తరం నుంచి గాలి కొడుతుంది, మనిషి నిలబడలేడు. గ్రెనాష్ అనే ద్రాక్ష రకం కొమ్మలు గట్టివి కాబట్టి అది పొదలా ఉండి తట్టుకుంటుంది. సిరా అనే ఇంకో రకం కొమ్మలు విరిగిపోతాయి, అందుకే దానికి మాత్రం తీగ కడతారు. ఇదంతా చెప్తే నాన్న "ఆఁ, గట్లనా" అని శ్రద్ధగా విన్నాడు. తోట ప్లాట్లయ్యాక ఆయన ఇంత సేపు ద్రాక్ష గురించి మాట్లాడటం ఇదే.

ఇవాళ కోసింది గ్రెనాష్. పల్చటి తోలు, తేనెలాంటి తీపి. ఆ తీపే పులిసి ఆల్కహాల్ అవుతుంది, కానీ దీనికి రంగు తక్కువ, గాలి తగిలితే త్వరగా పాడవుతుంది కూడా. సిరా వైన్‌కి ముదురు రంగు, మిరియాల ఘాటు ఇస్తుంది. పేరు మన సిరాయే, రంగూ అదే! అది కోయడం పోయిన వారమే అయిపోయింది. అన్నిటికన్నా ఆలస్యంగా పండే మూర్వేద్ర్ ఇంకా చెట్ల మీదే ఉంది, దాని వగరుతో వైన్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇక్కడ పదమూడు రకాలకి అనుమతి ఉన్నా, ఈయన వేసేది ఈ మూడే. బాబాయి ఒక పండు నోట్లో వేసుకుని, గింజ కొరికి, అరచేతిలో ఉమ్మి చూపించాడు. గోధుమరంగు. పచ్చగా ఉంటే ఇంకా ఆగాలట. మా నాన్న తీపి చూసేవాడు, గింజ కొరకడం నేనెప్పుడూ చూడలేదు.

భోజనం పోపుల కోట దగ్గర చేశాం. 14వ శతాబ్దంలో పోపులు అవిన్యోన్‌లో ఉన్నప్పుడు కట్టించుకున్నది. 1944లో జర్మన్లు పేల్చేశాక ఇప్పుడు మిగిలింది ఒక పక్క గోడలే. కోట కంటే నాకు బాబాయి చెప్పిన రైతుల కథ నచ్చింది. ఒకప్పుడు ఇక్కడి వైన్ చాలావరకు ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతమైన బర్గండీ వాళ్ల పల్చటి వైన్‌లో బలం కోసం కలపడానికి పోయేదట. పైగా ఎక్కడిదో వైన్ తెచ్చి ఈ ఊరి పేరుతో అమ్మేవాళ్లు. 1923లో రైతులు పియేర్ లెర్వా అనే బారన్ దగ్గరికి వెళ్లారు. ఆయన లా చదివినవాడు. ఏ నేల, ఏ రకాలు, ఎలా కత్తిరించాలి, ఆల్కహాల్ కనీసం ఎంత ఉండాలి, అన్నీ రాయించి కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. లావెండర్, థైమ్ మొలిచే బీడు నేలయితేనే ఈ పేరుకి తగినదని గీత గీశారు. ఫ్రాన్స్ మొత్తానికి 1936లో వచ్చిన చట్టబద్ధమైన పేర్లలో ఇది మొదటి వరసలోది. ఆ పొద్దు గీసిన గీత లోపల ఈ మోడులు ఇంకా ఉన్నాయి. ఆ మాట విన్నాక అన్నం ముద్ద కాసేపు దిగలేదు నాకు.

సాయంత్రం ఏడైంది. గాలి చల్లబడింది. బూటులో మట్టి దులుపుకుందామని కూర్చుని ఒక రాయి మీద చెయ్యి పెట్టాను. అప్పుడే దించిన అన్నం గిన్నె పక్కన చెయ్యి పెట్టినట్టు గోరువెచ్చగా ఉంది.

ఇంటికొచ్చాక నాన్న మెసేజ్. "కత్తిరింపు ఎప్పుడో అడుగు. మనం అక్టోబర్‌ల చేస్తుంటిమి." బాబాయిని అడిగించాను. ఫిబ్రవరి అట, చలి తగ్గే ముందు. నన్ను రమ్మన్నాడు. నాన్నకి చెప్తే వెంటనే ఫోన్ చేశాడు.

"ఒక్క మోడు అయినా సరే, మొదటి నుంచి ఆఖరుదాక వీడియో తియ్యి బిడ్డా. కత్తెర ఏ కన్ను మీద పెడ్తడో కనబడాలె."