400 పాయింట్లలో కోత పడేది ఎక్కడ?

అమెరికాలో పాత కార్ల పోటీల్లో జడ్జింగ్ అర్థం కావాలంటే 1935లో మొదలైన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా పద్ధతి చూడాలి. కనీసం 25 ఏళ్ల బండి కావాలి. ప్రతి బండీ 400 పాయింట్లతో మొదలవుతుంది. బయటి బాడీ, లోపలి భాగం, ఛాసిస్ (అడుగున ఉండే చట్రం), ఇంజన్ విడివిడిగా చూసి, తేడా కనిపించిన చోటల్లా పాయింట్లు కోస్తారు.

కొత్త బండిని డీలర్ సిద్ధం చేసి కస్టమర్‌కి ఇచ్చేనాడు ఎలా ఉండి ఉంటుందో, అదే కొలత. అంతకన్నా బాగా చేస్తే? పైసా లాభం లేదు. ఫ్యాక్టరీలో నల్లరంగు వేసిన ఎయిర్ క్లీనర్‌కి క్రోమ్ కొట్టిస్తే డబ్బుతో పాటు పాయింట్లూ పోతాయి. పాతరకం బయాస్ టైర్లతో వచ్చిన కారుకి ఇప్పటిరకం రేడియల్ టైర్లు, రేడియేటర్ గొట్టాలకి ఇప్పటి స్క్రూ క్లిప్పులు, అప్పటి నల్ల బ్యాటరీ ఉండాల్సిన చోట కొత్తరకం ప్లాస్టిక్ బ్యాటరీ... ఇలాంటివే కొంప ముంచేది. పెయింట్‌కి లక్షలు పోసినవాళ్లు బానెట్ కింద దొరికిపోతుంటారు.

మొదటి మెట్టు జూనియర్. ఫస్ట్ రావాలంటే కనీసం 365 పాయింట్లు తెచ్చుకుంటే సరిపోదు, తన క్లాసులో (అంటే విభాగంలో) టాప్ బండికి 10 పాయింట్ల లోపు కూడా ఉండాలి. టాప్ 392 అయితే 380 తెచ్చుకున్న బండికి సెకండే. 382, ఆపైన వచ్చినవి మూడుంటే మూడింటికీ ఫస్టే. ఆ ఫస్ట్ ఉంటేనే తర్వాతి మెట్టు సీనియర్‌కి, సీనియర్ గెలిస్తేనే ఆపై మెట్టు గ్రాండ్ నేషనల్‌కి. రూల్ పుస్తకం ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి ఆ ఏడాదిది చదువుకునే వెళ్లాలి.

రీస్టోర్ చేయని (మళ్లీ కొత్తదానిలా బాగుచేయించని) కారుని ఈ పోటీలోకి దింపడం శుద్ధ దండగ. వెలిసిన సీటుకీ, రాలిన పెయింటుకీ కోతే. అలాంటి వాటికి అసలు భాగాల్ని కాపాడినందుకు గుర్తింపునిచ్చే విభాగం వేరే ఉంది. రోడ్డు మీద నడుపుకునే బండ్లకి డ్రైవర్ పార్టిసిపేషన్ క్లాస్ ఉంది. పాత పెయింటుకి విలువ లేదనుకోకండి: 2024లో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ పాత కార్ల ప్రదర్శనలో బెస్ట్ ఆఫ్ షో (మొత్తం మీద అగ్ర బహుమతి) కొట్టిన 1934 బుగాటీ టైప్ 59, రీస్టోర్ చేయని కార్ల క్లాసు నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి బండి. అయితే అక్కడి పద్ధతి వేరు. క్లాసు విజేతల్లోంచి జడ్జీలు ఓటు వేసి ఎంచుకుంటారు.

మళ్లీ క్లబ్ పోటీకి వస్తే, జడ్జీలు బండిని ముట్టుకోరు. తలుపులు, బానెట్, డిక్కీ ఓనరే తెరవాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తప్పనిసరి. ఏదైనా భాగం మీద అనుమానం వస్తే అది అసలుదేనని చూపించాల్సిన బాధ్యత ఓనరుదే. ఆ మోడల్ ఏడాది ఫ్యాక్టరీ కేటలాగ్, పార్ట్స్ బుక్ పేజీలు కారులోనే ఉంచుకోండి. జడ్జీల టీము పక్క బండికి వెళ్లాక ఎన్ని కాగితాలు తీసినా ఉపయోగం ఉండదు.