సుద్దముక్క కీచుమనకూడదు

మన పాత విద్యార్థుల సమ్మేళనం సంచిక కమిటీ వదిలేలా లేదు. "నువ్వేదో కంప్యూటర్లో కారు రేసులు ఆడతావటగా, అదే రాసెయ్, రెండు పేజీలు నిండాలి" అని మన లీడరమ్మ గ్రూపులో అందరి ముందూ ఆర్డరేసింది. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే అలవాటు ఆవిడకి ఇంకా పోయినట్టు లేదు. ఎందుకొచ్చిన గొడవ, రాస్తున్నాను. నీళ్ల ట్యాంకు సంగతి, చెట్టు కింద స్లిప్ టెస్టు సంగతి, హారన్ గాడు ప్రేయర్లో తుమ్మిన సంగతి ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు. ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు పెద్దగా గుర్తు కూడా లేదు. గుర్తున్నదల్లా పదో తరగతి బి సెక్షను, ఫిజిక్స్ మాస్టారు, ఆయన చేతిలో సుద్దముక్క.

ఆయన సుద్దముక్క పట్టుకునే తీరు గమనించారా ఎప్పుడైనా? బోర్డుకి బాగా ఏటవాలుగా పట్టుకునేవారు. రాస్తూనే వేళ్ల మధ్య కొంచెం కొంచెంగా తిప్పుతుండేవారు, అన్ని వైపులా ఒకేలా అరగాలని. గోరంత మిగిలేదాకా పారేసేవారు కాదు. మనలో ఎవరైనా బోర్డు దగ్గరికెళ్లి నిటారుగా పెట్టి నొక్కామంటే అది కీచుమనేది, మన ఫస్ట్ ర్యాంకు పిల్ల చెవులు మూసుకునేది. "అరిచిందంటే అరిగిపోతోందని అర్థం. గీత సరిగా పడదు, పొడి మాత్రం దండగ" అనేవారు మాస్టారు. ఈ ఒక్క మాట మీద నేను ఇప్పటికీ రేసులు నడుపుతున్నానంటే నమ్ముతారా?

ఘర్షణ పాఠం రోజు మర్చిపోయి ఉండరు. టేబుల్ మీద చెక్క దిమ్మ పెట్టి స్ప్రింగు త్రాసుతో లాగారు. ముల్లు పైకి ఎక్కుతూ పోయింది, దిమ్మ కదల్లేదు. ఇంకొంచెం లాగారు. దిమ్మ చటుక్కున కదిలింది, ముల్లు కిందికి పడింది. "చూశారా, జారకముందు ఉన్న పట్టు జారాక ఉండదు" అంటూ మళ్లీ లాగారు. పట్టు తాకే వైశాల్యం మీద ఆధారపడదని పుస్తకంలో ఉన్న వాక్యం చదవగానే మన రేడియో గాడు లేచి, "మరి రేసు కార్ల టైర్లు అంత వెడల్పుగా ఎందుకుంటాయి సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. రేపు చెబుతానన్నారు.

మర్నాడు నిజంగానే చెప్పారు. సిలబస్ పక్కనపెట్టి పీరియడంతా అదే. రబ్బరు చెక్క లాంటిది కాదట, రోడ్డు మీది గరుకులోకి దిగి పట్టుకుంటుందట. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు కూడా పెరుగుతుంది గానీ రెట్టింపు కాదట. అందుకే బరువు ఒక్కసారిగా ఒకే టైరు మీద పడకూడదన్నారు. ఆ తర్వాత బోర్డు మీద ఒక వృత్తం గీశారు. నిలువు బాణం బ్రేకు, అడ్డం బాణం మలుపు, రెండూ కలిసిన బాణం వృత్తం దాటి బయటికి పోదు. బ్రేకుకి ఎంత వాడితే మలుపుకి అంత తక్కువ మిగులుతుంది. ఫస్ట్ ర్యాంకు "ఇది పరీక్షకి వస్తుందా సార్?" అని అడిగింది. రాలేదు.

తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లి. అందరివీ ఒకటే కథ కాబట్టి వదిలేస్తున్నాను.

2020లో అందరం ఇళ్లలో కూర్చున్నప్పుడు, జూన్‌లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల కారు రేసును ఆన్‌లైన్‌లో, ఆర్‌ఫ్యాక్టర్ 2 అనే రేసు గేమ్‌లో నడిపారు. పేరున్న రేసు డ్రైవర్లు ఇంట్లో కూర్చుని వంతులవారీగా స్టీరింగ్ తిప్పారు. అది చూసి నేనూ ఒక స్టీరింగు, పెడళ్లు కొన్నాను. కొన్నాళ్లకి ఒక సంగతి అర్థమైంది. మొదటి ల్యాపుల్లో నా ముందు నుంచి మాయమైపోయే కుర్రాళ్లు, ట్యాంకు అడుగంటే వేళకి నా అద్దాల్లో కనిపిస్తున్నారు. నా వేగం పెరగలేదు, వాళ్ల టైర్లు అయిపోయాయి.

పెట్రోలుకి ఒకసారి ఆగి మళ్లీ ఆగేదాకా నడిపే వంతుని స్టింట్ అంటాం. స్టింట్ మొదట్లో టైర్లు కొత్తవి, ఎంత అడిగితే అంత ఇస్తాయి. ఆ వేళలోనే కారు అన్నిటికంటే బరువుగా ఉంటుంది. వంద లీటర్ల పెట్రోలంటే సుమారు 75 కిలోలు, ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టే. అక్కడ తొందరపడితే ఆ వేడి గంటసేపు వెంటాడుతుంది. టైరు జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. గే లుసాక్ నియమం, మాస్టారు ఇంపోజిషన్ రాయించారు కదా, అదే. ఒత్తిడి పెరిగితే టైరు ఉబ్బి నేలని తాకే భాగం తగ్గుతుంది, ఇంకా జారుతుంది. అసెట్టో కోర్సా కాంపెటిజియోనె అనే గేమ్‌లో జీటీ3 తరగతి రేసు కార్లకి టైర్లు వేడెక్కాక గాలి ఒత్తిడి 26, 27 పీఎస్ఐ మధ్య ఉండేలా చూసుకుంటాం. అది దాటి పైకి పోతోందంటే డ్రైవరు ఎక్కడో జారిస్తున్నాడని లెక్క. కారు అమరికల సెటప్ ఫైళ్లు డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. కుడికాలు మాత్రం ఎవరూ అమ్మరు.

నాకు బాగా పేరు తెచ్చిన మలుపు బార్సిలోనా ట్రాక్ మూడో మలుపు. కుడివైపుకి, పొడవుగా, తెగనట్టు సాగుతుంది. బరువంతా ఎడమ ముందు టైరు మీదే. కారు ముక్కు బయటికి పోతుంటే అందరూ చేసే పని స్టీరింగు ఇంకా తిప్పడం. తిప్పినకొద్దీ టైరు అడ్డంగా రుద్దుకుంటుంది తప్ప కారు తిరగదు. నేను అక్కడ స్టీరింగు ఒక వేలెడంత వెనక్కి వదులుతాను, యాక్సిలరేటరు మీద కాలు కాస్త తేలిక చేస్తాను, ముక్కు దానంతటదే లోపలికి వచ్చేదాకా ఆగుతాను. హెడ్‌ఫోన్లలో టైరు సన్నగా మూలుగుతుంటే సరే. ఆ మూలుగు కీచుగా మారిందంటే వృత్తం దాటేసినట్టే. దానికంటే ముందే స్టీరింగు బరువు చేతిలో ఒక్కసారి తేలికవుతుంది, అది పట్టుకుంటే చాలు. ముందు కారు తోకకి అతుక్కుని పోతే ముక్కుకి గాలి అందక టైరు ఇంకా జారుతుంది. ఆ మలుపులో నేను కాస్త వెనకబడతాను, లేదా పక్క లైను పడతాను.

మలుపు బయటికి వచ్చేటప్పుడు వెనక టైర్ల సంగతి. స్టీరింగు తిన్నగా అయ్యాకే పూర్తి యాక్సిలరేటరు, వీలైతే ఒక గేరు పైన. చక్రం జారితే ఇంజను జోరు తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ చూసుకుంటుందిలే అనుకుంటారు కుర్రాళ్లు. టైరు జారడం మొదలయ్యాకే అది పని చేస్తుంది. డాష్ మీద ఆ లైటు మలుపు మలుపుకీ మినుకుమంటోందంటే వెనక టైర్లు అప్పటికే అరుగుతున్నాయి.

ఆ ట్రాక్ మీదే ఒక ఆన్‌లైన్ 24 గంటల రేసు, తెల్లవారుజాము. పెట్రోలు, టైర్ల కోసం ఆగే పిట్‌కి వచ్చే ముందు మా టీమ్ ఇంజనీర్ కుర్రాడు, "అన్నా, అవే టైర్ల మీద ఇంకో స్టింట్ లాగగలవా?" అన్నాడు. టైర్ల మార్పు టిక్కు తీసేసి పెట్రోల్ మాత్రం పట్టించుకుని బయటపడ్డాను. ముందున్న కారు టైర్లు మార్చుకోడానికి ఆగింది. మళ్లీ మమ్మల్ని అందుకోలేదు. మా తరగతి కార్లలో మాకు మూడో స్థానం వచ్చింది. టీమ్‌లో వేగంలో నాది చివరి బెంచీయే. అయినా రాత్రి స్టింట్లు, డబుల్ స్టింట్లు అడక్కుండానే నాకు వేస్తారు. వేరే టీముల పిల్లలు కూడా బ్రేకు, స్టీరింగు ఎప్పుడెంత వాడారో చూపించే టెలిమెట్రీ ఫైళ్లు పంపి చూడమంటారు. వాళ్లలో ఒకడు నన్ను మాస్టారూ అంటాడు, వద్దన్నా వినడు.

పోయిన ఏడాది మన మాస్టారి ఇంటికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఆ రాత్రి టెలిమెట్రీ గ్రాఫు చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెరకి మరీ దగ్గరగా వచ్చి చూశారు. "ఈ ఎర్ర గీత బ్రేకా? అది దిగుతుంటే నీలం గీత ఎక్కుతోంది. స్టీరింగా? అంటే వృత్తం అంచు మీదే నడిపావన్నమాట." నేను చెప్పకుండానే పట్టేశారు. ఎన్ని మార్కులు సార్ అన్నాను. పదికి తొమ్మిది అన్నారు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందని అడిగితే "చేతిరాతకి" అన్నారు.

సమ్మేళనం రోజు నా స్టీరింగు, పెడళ్ల రిగ్ తెస్తున్నాను, లీడరమ్మ పర్మిషన్ ఇచ్చింది. నిండు ట్యాంకుతో ఒక్కొక్కరికి ఒక స్టింట్. ల్యాప్ టైము ఎవరూ చూడరు. ఆఖర్న ఎడమ ముందు టైరు ఎవరికి ఎక్కువ మిగిలితే వాళ్లే ఫస్టు. పేర్లు బోర్డు మీద లీడరమ్మే రాస్తుంది. హారన్ గాడికి మాత్రం మధ్యలో ఒకసారి టైర్లు మార్చుకునే అవకాశం ఇవ్వాలని ముందే అనుకున్నాం.