మొహం నార్మల్‌గా పెట్టండి సార్

మా అనంతపురంలో క్లాక్ టవర్ దగ్గర సందులో నాకొక చిన్న ఫోటో స్టుడియో ఉంది, పెళ్ళి ఆర్డర్లు సీజన్‌లోనే గానీ రోజూ అన్నం పెట్టేది మాత్రం పాస్‌పోర్ట్ సైజ్ ఫోటోలే. స్టూల్ మీద కూచోబెట్టి, గడ్డం కొంచెం దించి, భుజాలు సర్ది చివర్లో అందరికీ చెప్పే మాట ఒకటే, "మొహం నార్మల్‌గా పెట్టండి సార్". ఆ మాట చెవిన పడిందంటే చాలు, అప్పటిదాకా బాగానే ఉన్న మనిషి పెదాలు బిగించేస్తాడు, కళ్ళు పెద్దవి చేస్తాడు, ఊపిరి కూడా ఆపేస్తాడు. ఇంతమందిని చూసినా, చెప్తే నార్మల్ అయినోడు ఒక్కడూ తగల్లేదు నాకు.

అట్లాంటి నాకు పోయిన డిసెంబర్‌లో మొహం ఎడమ సగం పని మానేసింది.

పొద్దున పళ్ళు తోముకొని నీళ్ళు పుక్కిలిస్తే ఎడమ పక్క నుంచి చొక్కా మీదికి కారినాయి. నిద్రమత్తులే అనుకున్నా. తర్వాత టీ కూడా అట్లే కారింది. మా ఆవిడ చూసి "ఏందయ్యా, మూతి అట్ల పెట్టినావు" అంది, నేనేం పెట్టినా అని నవ్వినా, అంతే, చేతిలో చెంబు వదిలేసి కెవ్వుమంది. అద్దంలో చూసుకుంటే నవ్వు కుడి పక్క మాత్రమే ఉంది.

ఇంక ఇల్లంతా గోల. మా జేజి పక్షవాతం అని శోకాలు మొదలుపెట్టింది, పక్కింటి మామ పావురం రక్తం రుద్దితే సరిపోతుందని చెప్పి పావురం కోసం బయల్దేరినాడు కూడా, ముందురోజు బెంగళూరు నుంచి రాత్రి బస్సులో కిటికీ పక్కన కూచొని వచ్చినా కదా, చలిగాలి కొట్టిందని ఇంకొకరు. మా తమ్ముడు ఎవరి మాటా వినకుండా నన్ను బండెక్కించుకొని నరాల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినాడు. ఆ పావురం ఏమైందో నేను అడగలేదు.

డాక్టర్ ముందు చేతులు కాళ్ళు లేపమని, మాట్లాడమని చూసి, తర్వాత నుదురు ముడత వేయమన్నాడు. కుడి పక్క మూడు గీతలు వచ్చినాయంట, ఎడమ పక్క ఇస్త్రీ చేసినట్టు ఉంది. "అది మంచిదే" అన్నాడు. ఇందులో మంచేముందప్పా అనుకున్నా, ఆయనే విడమరిచి చెప్పినాడు. మెదడులో స్ట్రోక్ వస్తే మామూలుగా మూతి పక్కకు పోయినా నుదురు కదులుతుంది, నుదురు, కన్ను, మూతి అన్నీ ఒకే పక్క పడిపోతే చానావరకు అది మొహానికి పోయే ఏడో నరం సమస్య, బెల్స్ పాల్సీ అంటారు, చార్లెస్ బెల్ అనే స్కాట్లండ్ డాక్టర్ 1821లోనే ఈ నరం గురించి రాసినాడంట. ఆ నరం చెవి వెనకాల ఎముకలో సన్న సందులోంచి వస్తుంది, అది వాచిందంటే అక్కడే నొక్కుకుపోతుంది. ఏడాదికి లక్షమందిలో 20, 30 మందికి వస్తుందంట. అయితే అది ఇంట్లో కూచొని మనం తేల్చుకునేది కాదు, మూతి వంకర పోయిందంటే ఆ గంటే ఆస్పత్రికి రావాలి, స్టెరాయిడ్ మాత్రలు మూడు రోజుల్లోపల మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి అన్నాడు. షుగర్ చూసి మాత్రలు రాసినాడు, కంట్లోకి చుక్కలు, రాత్రి పడుకునేటప్పుడు కన్నుకు టేపు. ఎక్కువమందికి పూర్తిగా తగ్గిపోతుంది, ఓపిక పట్టమన్నాడు.

ఓపిక సరే గానీ ఈ కన్ను సంగతి చెప్పాల. కుడి కన్ను మూసుకుంటుంది, ఎడమది మూసుకోదు. అంటే నేను రెప్ప ఆర్పిన ప్రతిసారీ ఎదుటోళ్ళకు కన్ను కొట్టినట్టే. మందుల షాపులో అమ్మాయి చిల్లర ఇస్తా నా మొహం చూసి ఠక్కున తలకాయ దించుకుంది. ఫోటో కోసం కూతుర్ని తీసుకొచ్చిన ఒక పెద్దాయన అయితే నా పక్క చూసి, కూతురి పక్క చూసి, "పనుందిమ్మా, మళ్ళీ వద్దాం" అని లేచినాడు. ఆయన వెనకాల పరిగెత్తి "సార్, ఇది నరం" అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే మా ఆవిడ నల్ల కళ్ళద్దాలు కొనిచ్చింది. స్టుడియో లోపల నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని ఫోటోలు తీసేవాణ్ణి చూస్తే జనానికి ఏం నమ్మకం కలుగుతుందో మీరే చెప్పండి.

మాట ఇంకో తంటా. పెదాలు కలిస్తేనే కదా ప, బ, మ పలికేది, నాకు ఎడమ పక్క గాలి పోయేది, పాస్‌పోర్ట్ ఫాస్‌ఫోర్ట్ అయిపోయింది. ఎడమ చెవికి మిక్సీ చప్పుడు డబల్ వినపడేది, అది కూడా ఆ నరం పనేనంట. తినేది బుగ్గలో ఇరుక్కునేది, వేలు పెట్టి తీసుకోవాల. సంగటి మాత్రం ఏ ఇబ్బందీ పెట్టలేదు, దాన్ని నమిలే పనే లేదు, ముద్ద చేసి ఊరిబిండిలో అద్ది మింగడమే. మా పెద్దోళ్ళు ముందుచూపుతోనే కనిపెట్టినారేమో.

ఇంకో తమాషా ఏందంటే, పాస్‌పోర్ట్ ఫోటోకు కావాల్సింది నవ్వు లేకుండా, నోరు మూసుకొని, కళ్ళు బాగా తెరిచి ఏ భావమూ లేని మొహం. నా ఎడమ సగం ఇరవైనాలుగు గంటలూ ఆ రూల్స్ ప్రకారమే ఉంది. కుడి సగానికే క్రమశిక్షణ లేదు.

రెండోసారి పోయినప్పుడు డాక్టర్ నా పాత ఫోటో ఒకటి తెమ్మన్నాడు, ముందు ఎట్ల ఉండేదో చూస్తే గదా ఎంత తగ్గిందో తెలిసేది అని. ఊరందరి మొహాలూ నా కంప్యూటర్‌లో ఉన్నాయి, నాది లేదు! చివరికి పెళ్ళి ఆల్బమ్ తీసినాం. అందులో చూస్తే నా ఎడమ కనుబొమ్మ కుడిదాని కంటే కిందనే ఉంది, మూతి కూడా కొంచెం కుడికే పోయింది. అంటే ముందునుంచీ వంకరేనా అన్నాను, డాక్టర్ నవ్వి "అందరిదీ అంతేనయ్యా, ఫోటోగ్రాఫర్‌వి నీకు తెలియదా" అన్నాడు. తెలుసు, నిలువునా సగం కోసి అదే సగాన్ని తిప్పి అతికిస్తే ఎంత అందగాడైనా వేరే మనిషైపోతాడు, ఫోటోషాప్‌లో చానాసార్లు చూసినా. మన మొహం మనకు అద్దంలో తిరగేసి అలవాటు కాబట్టి ఆల్బమ్‌లో ఉన్నదే కొత్తగా అనిపిస్తుంది.

ఈ నార్మల్ సంగతి వానల్లో కూడా అంతే, పేపర్లో ఏటా రాసేవాళ్ళు చూడండి, పాత అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం 552 మిల్లీమీటర్లు అని. సరిగ్గా 552 పడిన ఏడాది ఏదని వేరుశనగ వేసే రైతును అడగండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. అది చానా ఏళ్ళ సగటు, వాతావరణ శాఖ లెక్కలో దానికి 19 శాతం అటూ ఇటూ పడినా నార్మలే. నా మూతికి కూడా ఆ 19 శాతం ఇస్తే ఎప్పుడో పాసయ్యేవాణ్ణి, కానీ డాక్టర్ల దగ్గర వేరే కొలత ఉంది, ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లు, ఒకటి అంటే నార్మల్, ఆరు అంటే అసలు కదలిక లేనట్టు. నాది నాలుగుతో మొదలైంది.

రోజూ అద్దం ముందు ఈల వేయడం, బుగ్గలు పూరించడం, ఈ ఊ అనడం, చూసి మా చిన్నోడు కూడా నాతో పాటు చేసేవాడు. సంక్రాంతికి పెదవి కొస కదిలింది. ఫిబ్రవరిలో టేపు తీసేసినా. ఎండలు ముదిరే సరికి రెండో గ్రేడ్‌కు వచ్చినా, అక్కడే ఆగింది.

ఆగింది గానీ కొత్త వేషాలు మొదలైనాయి. తిరిగి పెరిగే నరం పోగులు ఒక్కోసారి దారి తప్పుతాయంట, లాలాజలానికి పోవాల్సినవి కన్నీళ్ళ గ్రంథికి పోయి తగులుకుంటే తింటున్నప్పుడల్లా కంట్లో నీళ్ళు వస్తాయి, డాక్టర్లు మొసలి కన్నీళ్ళు అంటారు. నాకు వస్తాయి, ఎడమ కంట్లోనే. ఇన్ని నెలల్లో ఒక్కరు కూడా కనిపెట్టలేదు. అనంతపురంలో ఎర్రకారం దోసె తింటా ఏడవనోడు యాడుంటాడు? ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఇంకా నయం, అక్కడ అందరివీ రెండు కళ్ళూ కారుతుంటాయి.

నవ్వితే ఎడమ కన్ను కొంచెం చిన్నది అవుతుంది, అది కూడా పోగులు కలిసిపోయిన లెక్కే. మరీ ఇబ్బందైతే ఎడమ కంటి దగ్గర బొటాక్స్ ఇంజక్షన్ వేస్తారంట. బొటాక్స్ అంటే హీరోయిన్లు వేయించుకునేదే కదా అని మా ఆవిడ ఆస్పత్రిలోనే డాక్టర్‌ను అడిగింది, అవునమ్మా అన్నాడాయన. బయటికి వచ్చి చెప్పులేసుకుంటా అంది కదా, "వేయించుకునేదేమో రెండు పక్కలా వేయించుకో, ఆ నుదుటి మీద గీతలు చూడలేకపోతాన్నా".