కూర్చునే చోటు

పొద్దున షెడ్డు తెరవగానే, మ్యూజియం ప్రదర్శన కోసం చేస్తున్న చెక్క బెంచీకి రాత్రి బిగించిన క్లాంపులు విప్పాను. జిగురు గట్టిగా పట్టింది. పలకలన్నిటినీ ముందే ఉజ్జాయింపుగా కోసి, ఒకదానిమీద ఒకటి అంటించి, ఆ దిమ్మను శిల్పంలా చెక్కుకుంటూ పోవడం నా పద్ధతి. 1960లలో అమెరికన్ కళాకారుడు వెండెల్ కాసిల్ ఫర్నిచర్‌లో దీనికి పేరు తెచ్చాడు. ఒకే పెద్ద దుంగను చెక్కితే పైభాగం ముందు ఆరి, లోపల పచ్చిగా ఉండిపోయి పగుళ్లిస్తుంది. పలకలకు ఆ భయం తక్కువ. కాకపోతే అన్నిటిలో గ్రెయిన్, అంటే చెక్కలోని నార, ఒకే దిక్కుకు ఉండాలి. చెక్క పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగానే ఉబ్బుతుంది. అడ్డదిడ్డంగా అంటిస్తే ఏ వానాకాలమో అతుకు విడిపోతుంది.

మధ్యాహ్నం దాకా బెంచీ ముందంచు చెక్కుతూనే ఉన్నాను. తొడ కింద ఆనే అంచు ఇది. కాస్త పదునుగా ఉన్నా రక్తం ఆడక కాలు తిమ్మిరెక్కుతుంది. అలాగని మరీ గుండ్రంగా తీస్తే బెంచీ మొత్తం మెత్తబడి, దూరం నుంచి చూసినప్పుడు ఆ వంపులో బలం కనిపించదు. ఉలితో కొంచెం తీయడం, కళ్లు మూసుకుని అరచేత్తో తడమడం, మళ్లీ తీయడం. ఒకచోట చెయ్యి ఆగింది, కంటికి మాత్రం అక్కడేమీ కనబడలేదు. రెండుసార్లు రంద ఆడించాక చెయ్యి సాఫీగా జారింది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

తర్వాత మ్యూజియంలో ఆ ప్రదర్శన గురించి మీటింగ్. పాత ఉత్తరాలు, బట్టల ప్రదర్శన అది. కాగితానికీ నేతబట్టకూ వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదని రూలు. ఎండలోంచి నేరుగా వచ్చినవాళ్లకు అది చీకటిగదిలాగే అనిపిస్తుంది. కన్ను మసకకు అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు కావాలి. ఆ నిమిషాలు మనిషి ఎక్కడ గడపాలి? నా బెంచీ మీద! అందుకే దాన్ని గదికీ వసారాకీ మధ్య, వెలుగు కొద్దికొద్దిగా తగ్గే దారిలో పెట్టమన్నాను. కూర్చుని లేచేసరికి అక్షరాలు కనబడటం మొదలవుతాయి.

"మరకలు పడతాయండీ, తాడు కడదాం" అన్నారొకరు. ఒప్పుకోలేదు. మరక పడితే శాండ్‌పేపర్ పట్టి మళ్లీ నూనె రాస్తాను. ఎవరూ కూర్చోని బెంచీకి నేను పొద్దుటినుంచి ఆ అంచు తీయడం దేనికి? 1942లో న్యూయార్క్‌లో కళాఖండాల సేకర్త పెగ్గీ గుగెన్‌హైమ్ గ్యాలరీ కోసం ఆర్కిటెక్ట్ ఫ్రెడెరిక్ కీస్లర్ చేసిన ఫర్నిచర్ గురించి చెప్పాను. ఆ ఫర్నిచర్‌లో ఒకే వస్తువు మీద మనిషి కూర్చోవచ్చు, దాన్నే తిప్పి శిల్పానికి పీఠంగా వాడుకోవచ్చు. చూసేవాడి ఒంటికి కూడా ప్రదర్శనలో చోటుండాలన్నది నా పట్టుదల. తాడు సంగతి ఇంకా తేలలేదు, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

షోకేసుల లోపలి పీటలు కూడా బెంచీ చేసిన ఓక్ చెక్కతోనే చేద్దామని అడిగాను. పాత వస్తువులు పాడవకుండా చూసే కన్సర్వేటర్ మేడమ్ వద్దన్నారు. ఓక్ నుంచి ఎసిటిక్ యాసిడ్ ఆవిరి వస్తూ ఉంటుందట. ఉత్తరాలకు వేలాడే సీసం ముద్రలను మూసిన పెట్టెలో అది తెల్లపొడిగా మార్చేస్తుందని చెప్పారు. ఏ పదార్థమైనా ఆడీ టెస్టు దాటాకే లోపలికి వెళ్తుంది. వెండి, రాగి, సీసం ముక్కలతో కలిపి 60 డిగ్రీల వేడిలో, తేమలో 28 రోజులు మూసిపెట్టి, లోహం రంగు మారిందా అని చూస్తారు. వింటుంటే ఆవిడ మీద గౌరవం పెరిగింది. లోపల పౌడర్ కోటింగ్ వేసిన లోహమే వాడతాను. రంగు కలవకపోయినా ఫరవాలేదు, ఉత్తరాలు నిలవాలి.

బయటికి వస్తుంటే ఒక పెద్దాయన అక్కడున్న పాత బెంచీ మీంచి లేవబోయి, పట్టుకోవడానికేమీ లేక గోడకు చెయ్యి ఆనించారు. నా డ్రాయింగ్‌లోనూ చేతిపిడి లేదు. ఒక చివర ఇస్తే లేచేవాళ్లకు ఆసరా అవుతుంది, రెండో చివర ఖాళీగా వదిలితే వీల్‌చైర్ పక్కనే ఆగుతుంది. ఎత్తు 45 సెంటీమీటర్లే ఉంచుతాను. పిడి మాత్రం వంపులోంచే పుట్టుకురావాలి, తర్వాత తగిలించినట్టు ఉండకూడదు. రేపు ముందు అట్టతో చేసి, ఆ దారిలోనే పెట్టి చూడాలి. కుడివైపా ఎడమవైపా అన్నది అక్కడ కూర్చుని లేస్తేగానీ తేలదు.